కదలని జనం, కదిలిన నేల

ఈ కథ చివర నీళ్ళున్నాయి. ఆ మాట ముందే చెప్పుకుంటే మంచిది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు నదుల ఒడ్డునా, వెనక లేచిన కొండల మొదళ్ళలోనూ తరతరాలుగా కాపురమున్న కోయ గూడేలు, కొండరెడ్ల పల్లెలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. దిగువన దేవీపట్నం వైపు ఊళ్ళు ఇప్పటికే నీటి పాలయ్యాయి. ఎగువన మిగిలినవి వానాకాలం వచ్చినప్పుడల్లా భయంతో నిద్ర మానుకుంటున్నాయి. ముగింపు తెలిసిన కథను మళ్ళీ ఎందుకు చెప్పుకోవాలంటే, ఇది ఎన్నిచోట్ల మరో దారి పట్టి ఉండేదో చూడటానికి. ఏడ్చినా తెలిసి ఏడవాలి కదా.

జనం ఒకచోట పుట్టి, పెరిగి, మరోచోటికి తరలి, అక్కడ వేళ్ళు దిగుతారని చదువుకున్నాం. కదిలేది మనిషి, నిలిచేది నేల. భద్రాచలం అడవి అంచున ఈ లెక్క తిరగబడింది. ఇక్కడ మనుషులు నిలిచారు. కదిలింది వాళ్ళ కాళ్ళ కింది పటం.

1860లో నిజాం చేతి నుంచి ఈ గోదావరి ఎడమ ఒడ్డు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు మార్చారు. తరవాత తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో, చింతూరు వైపు మండలాలకు, అల్లూరి సీతారామరాజు జిల్లా. శబరి ఒడ్డున 1940లో పుట్టిన ఒక కోయ తల్లి ఇల్లు మారకుండా, పొయ్యి మారకుండా, నీళ్ళు తెచ్చుకునే రేవు మారకుండా బతికి ఉంటే, ఆమె మద్రాసు వాళ్ళ మనిషి, ఆంధ్ర రాష్ట్రపు మనిషి, ఆంధ్రప్రదేశ్ మనిషి, ఖమ్మం మనిషి, తిరిగి గోదావరి జిల్లా మనిషి అయి ఉండేది. ఆమెను ఎవరూ ఒక్కసారి కూడా అడిగి ఉండరు. ఆమె కదలలేదు. ఆమె మీదుగా గీతలు కదిలాయి. చివరికి ఆమెను కదిలించడానికి నది వచ్చింది.

పోయిందేమిటో ముందు చూడాలి. నష్టం విలువ తెలియనివాళ్ళకు పరిహారం లెక్క సులువుగా తేలుతుంది.

ఆ ఊళ్ళలో ఏడాది పంచాంగంతో మొదలయ్యేది కాదు, విత్తనంతో మొదలయ్యేది. వాన పడేముందు విజ్జ పండుం జరిగేది. ఇంటింటి విత్తనాలూ గ్రామదేవత ముందుకు వచ్చేవి. పూజ కాకుండా ఎవరూ చేనులో గింజ చల్లేవారు కాదు. చేతికొచ్చిన కొత్త పంటనైనా, చెట్టుకు పండిన కొత్త కాయనైనా పండుగ చేసుకోకుండా నోట పెట్టేవారు కాదు. ఆకలి ఉన్న ఇంట్లో కూడా ఈ ఆగడం ఉండేది. ఎండాకాలం మొదట్లో, తెల్లవారకముందే, ఇప్పచెట్ల కింద రాలిన పూలు ఏరడానికి ఆడవాళ్ళు బుట్టలతో వెళ్ళేవారు. ఆ వెనకే తునికాకు. ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టి, ఆ డబ్బుతో వానాకాలం దాటేవారు. ఒకవైపు శబరిలో చేప, మరోవైపు కొండ మీద పోడు. పోడులో జొన్న, సామ, కంది కలిసి పెరిగేవి. ఒకటి ఎండినా ఒకటి మిగిలేది. ఊరి పొలిమేరలో చనిపోయిన పెద్దల గుర్తుగా నిలబెట్టిన రాళ్ళుండేవి. పెళ్ళికి, పండుగకు కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోలు వాయిస్తూ ఆడేవారు. ఆడవాళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వలయంగా అడుగులు వేసేవారు.

ఇందులో దేనికీ పట్టా లేదు. ఇప్పచెట్టుకు సర్వే నంబరు లేదు. రేవుకు ఖాతా లేదు. సొంతమని ఎప్పుడూ అనుకోనివాటి మీదే ఆ బతుకంతా నిలబడింది. సొంతమని రాయించుకోనివే ముందు పోయాయి.

మొదటి మలుపు రేకపల్లిలో వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు పోడు కొట్టుకునేవాళ్ళ మీద పన్ను తేలికగా ఉండేది. మద్రాసు చేతికి వచ్చాక అది సుమారు మూడింతలైంది. కొన్ని అడవుల్లో గొడ్డలి పెట్టవద్దన్నారు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు, రంప పితూరీ, రాజుకున్నప్పుడు ఆ మంట రేకపల్లికి పాకడానికి ఇదే కారణమని ఆనాటి దొరలే రాసుకున్నారు. పోడు అనేది నేరం కాదు, బతుకు అని ఆ రోజు అర్థమై ఉంటే చాలు. కారణం తెలిసింది, కాగితం మీదికీ ఎక్కింది. అయినా మందు వేయలేదు, సైన్యాన్ని పంపారు. పితూరీ అణిగాక, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో పుట్టినవాడు అడవిలోకి అనుమతితో అడుగుపెట్టే కాలం మొదలైంది.

రెండో మలుపు 1917. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చేరాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి ఉండాలని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. అప్పుల పేరుతో భూమి జారిపోతోందని పాలకులకు అప్పటికే తెలుసన్నమాట. ఆ చట్టం గట్టిగా అమలై ఉంటే ఈ కథకు మరో ముగింపు ఉండేది. కానీ కచేరీ దూరం, షావుకారు దగ్గర. కాగితం ఎవరికి చదవడం వస్తే భూమి వాళ్ళ వైపు ఒరిగింది.

1940 దశకం మొదట్లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త పాపికొండల్లో, గోదావరి ఇరుకు లోయల్లో కొండరెడ్ల మధ్య గడిపాడు. 1945లో వాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. కలప, వెదురు కాంట్రాక్టర్లు ఆ జనాన్ని అప్పుతో కట్టేసి ఎలా పని చేయించుకుంటున్నారో అందులో రాశాడు. దాదాపు నలభై ఏళ్ళ తరవాత, 1982లో, భారతదేశపు గిరిజనుల మీద మరో పుస్తకం రాసినప్పుడు, మొదట చూసిన రోజుల కంటే వాళ్ళ భూమి మరింత పోయిందని రాయవలసి వచ్చింది. హెచ్చరించిన మనిషే వచ్చి నష్టాన్ని లెక్కపెట్టుకోవలసి రావడం కంటే విషాదం ఏముంటుంది?

ఈలోగా బయటి నుంచి వచ్చే జనం పెరుగుతున్నారు. వాళ్ళూ మన జనమే. గోదావరి ఒడ్డున నల్లని ఒండ్రు నేలలు చూసి కోస్తా నుంచి రైతులు వచ్చారు. పొగాకు వేశారు, మిరప వేశారు, తరవాత పత్తి వేశారు. కొత్తగూడెం బొగ్గు గనులకు కూలీలు వచ్చారు. పాల్వంచలో కరెంటు కార్ఖానా లేచింది. సారపాకలో కాగితపు మిల్లు వచ్చి అడవి వెదురును పిలుచుకుంది. భద్రాచలం చిన్న పుణ్యక్షేత్రం నుంచి పెద్ద పట్టణమైంది. వచ్చినవాళ్ళలో చాలామంది పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళను దుర్మార్గులని చెప్పి ఈ దుఃఖాన్ని తేలిక చేసుకోలేం. వలస వచ్చినవాడికి ఇల్లు కావాలి, చేను కావాలి, పిల్లలకు బడి కావాలి. అవన్నీ ఇక్కడ దొరికాయి. దొరికిన ప్రతిచోటా అంతకుముందు ఒక కోయ ఇల్లు కొంచెం వెనక్కి, కొంచెం కొండ వైపు జరిగింది. కోయలు తగ్గిపోలేదు, వాళ్ళ చుట్టూ లోకం పెరిగింది. తమ నేలలోనే తాము కొద్దిమందై మిగిలారు.

మూడో మలుపు 1970 ఫిబ్రవరి 3న వచ్చింది. జనం నోట ‘వన్ ఆఫ్ సెవంటీ’గా నిలిచిన నిబంధన ఆ రోజే అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ అయితే చెల్లదని తెగేసి చెప్పింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట భావించాలంది. కాదని రుజువు చేసుకునే భారాన్ని బలమున్నవాడి మీద పెట్టింది. దేశంలో ఇంత గట్టి గిరిజన భూరక్షణ చట్టాలు తక్కువ. ఆ రోజు ఆ గూడేల్లో ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ చట్టం వచ్చేసరికే మంచి నేల చాలావరకు చేతులు మారింది. మిగిలింది బినామీ పేర్లలో, పెళ్ళి పేరుతో, కౌలు పేరుతో మారింది. గెలిచిన కేసుల్లో కూడా ఉత్తర్వు చేతికొచ్చింది కానీ భూమి చేతికి రావడం అరుదు. చట్టం బతికింది. అది కాపాడవలసిన పొలం పోయింది.

అప్పటికి ఇంకా నీళ్ళు రాలేదు. వస్తాయని మాత్రం కాగితాల్లో ఉంది. 1980లో గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పులో పోలవరం దగ్గర కట్టబోయే ఆనకట్టకు 150 అడుగుల నీటిమట్టం స్థిరపడింది. 45.72 మీటర్లు. 1981లో శంకుస్థాపన జరిగింది. ఆ తరవాత రెండు దశాబ్దాలకు పైగా రాయి రాయిగానే ఉంది. ఆ నిశ్శబ్దంలో ఊళ్ళలో ఒక తరం పెళ్ళిళ్ళు చేసుకుంది, పిల్లల్ని కంది, ఇళ్ళు కట్టుకుంది. మునిగిపోయే గీత లోపలే జనం పెరిగారు. 2004లో పనులు మళ్ళీ మొదలైనప్పుడు ఆ గీత లోపల 44,574 కుటుంబాలున్నాయని లెక్క చెప్పారు. తరవాతి లెక్కల్లో అది 1,06,006 కుటుంబాలకు చేరింది. మనుషులు ఎదిగే వేగాన్ని కూడా కొలవకుండానే ముంపు గీత గీశారు.

ఈ ప్రాజెక్టుకు కారణం లేదని ఎవరూ అనలేరు. 7 లక్షల ఎకరాలకు పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, విశాఖకు తాగునీరు. డెల్టా రైతుకు ఆ నీటి చుక్క విలువ తెలుసు. సముద్రంలోకి పోయే గోదావరిని చూసి తరాలుగా నిట్టూర్చినవాళ్ళున్నారు. వాళ్ళ ఆశా నిజమే, వీళ్ళ ఇల్లూ నిజమే. అందుకే మధ్యేమార్గం వెతకవలసింది. దారి లేక కాదు. నీటిపారుదల శాఖలో ఇంజనీర్-ఇన్-చీఫ్‌గా పనిచేసిన టి. హనుమంతరావు ఒక్క పెద్ద ఆనకట్టకు బదులు చిన్న బ్యారేజీల వరసతో ముంపు బాగా తగ్గించవచ్చని ప్రతిపాదించాడు. అది పరీక్షకు నిలబడేదో లేదో, పరీక్షే పెట్టలేదు. 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో ముంపు జనాన్ని అడగలేదన్నది కారణం. ఒక్క క్షణం, అడగడం అనే మాటకు విలువ వచ్చింది. హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ క్షణం అక్కడితో అయిపోయింది.

అడగడానికి చట్టం లేకా కాదు. 1996లోనే పెసా, అంటే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం, వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు, పునరావాసానికి ముందు గ్రామసభను సంప్రదించాలని అది చెబుతుంది. ఇప్పచెట్టుకు, రేవుకు, పోడుకు మొదటిసారి హక్కు అన్న పేరు పెట్టిన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. నూట ఇరవై ఏళ్ళకు పైగా ఎదురుచూసిన మాట. అది వచ్చిన చోటనే ముంపు గీత కూడా ఉంది. హక్కు రాసిచ్చే చేయీ, ఇల్లు ఖాళీ చేయమనే చేయీ ఒకే ప్రభుత్వానివి.

అదే కాలంలో, అదే అడవిలోకి, మరో కోయ జనం ఉత్తరం నుంచి వచ్చారు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడలో, మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో దళాలను దింపిన సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగలబడ్డాయి. ఒకవైపు ఆ దళాలు, మరోవైపు మావోయిస్టులు, మధ్యలో నలిగిన కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని కాలినడకన సరిహద్దు దాటాయి. ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఇక్కడివాళ్ళు వాళ్ళను గుత్తికోయలన్నారు. మిరపచేలల్లో కూలికి పోయారు. అడవిలో కాస్త చోటు నరుక్కుని జొన్న చల్లారు. అటవీ శాఖ ఆ గుడిసెలను పలుమార్లు పీకేసింది. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. ఆ తేదీ దాటాక వచ్చిన కుటుంబాలకు ఆ తలుపు మూసుకుపోయింది. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమంది. తీర్పు వచ్చింది. కాలిన ఊరు తిరిగి రాలేదు.

ఒకే మూలపు జనంలో ఒకరు ప్రాణభయంతో ఈ అడవిలోకి వస్తుంటే, మరొకరిని నీటిభయం పెట్టి ఇక్కడి నుంచి పంపుతున్నారు. వచ్చేవాళ్ళకు చోటు లేదు. ఉన్నవాళ్ళకూ చోటు లేదు. పర్ణశాలకు రాముడి వనవాసపు గుర్తులు చూడటానికి ఏటా లక్షలమంది వచ్చే నేల ఇది. ఎంగిలి పళ్ళతో ఎదురుచూసిన శబరి పేరు మోసే నది పారే నేల ఇది. ఆ కథలో వనవాసానికి పద్నాలుగేళ్ళ గడువుంది, తిరిగి వెళ్ళడానికి అయోధ్య ఉంది. వీళ్ళ కథలో ఆ రెండూ లేవు.

2014 వచ్చింది, ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణ విడిపోయే వేళ. ఏప్రిల్ 30న భద్రాచలం నియోజకవర్గపు ఊళ్ళన్నీ ఖమ్మం జిల్లా ఊళ్ళుగా ఓటు వేశాయి. మే 29న ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే ఆర్డినెన్సు వచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం రాముడి గుడి తెలంగాణలో మిగిలింది, పురుషోత్తపట్నంలోని స్వామి మాన్యం పక్క రాష్ట్రానికి పోయింది. భద్రాచలం నుంచి తెలంగాణ శాసనసభకు గెలిచిన సున్నం రాజయ్య సొంత ఊరు వరరామచంద్రాపురం మండలంలోనిది. తన ఇల్లు ఒక రాష్ట్రంలో, తన శాసనసభ మరో రాష్ట్రంలో. ముంపు జనం కోసం మాట్లాడవలసిన గొంతును, ఆ జనాన్ని, ఒక గీత విడదీసింది. ఊళ్ళను ముంచేముందు వాటి మాటను ముంచారు.

2019 నుంచి, పోలవరం దగ్గర ఎగువ కాఫర్ డ్యామ్ అనే తాత్కాలిక కట్ట లేచాక, దేవీపట్నం ఊళ్ళలో వరద నిలవడం మొదలైంది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరవాత అంత నీటిని ఆ ఒడ్డు చూడలేదు. కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడు వైపు జనం గుట్టలెక్కి, టార్పాలిన్ల కింద, కోళ్ళతో, మేకలతో, తడిసిన బియ్యంతో రోజులు గడిపారు. పాతరోజుల్లో వరద వచ్చేది, వెళ్ళేది, ఒండ్రు వదిలేది. అది అతిథి. ఈసారి వచ్చింది ఉండిపోవడానికి ఇల్లు చూసుకుపోయినట్టుంది.

వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. జంగారెడ్డిగూడెం, గోకవరం వైపు పునరావాస కాలనీల్లో వరసగా కాంక్రీటు ఇళ్ళున్నాయి. కరెంటుంది, రోడ్డుంది. ఇప్పచెట్టు లేదు, శబరి లేదు, తునికాకు కల్లం లేదు. విజ్జ పండుం ఏ చేను కోసం చేయాలి? పెద్దల రాళ్ళను ఎవరూ వెంట తెచ్చుకోలేరు. కొన్ని కుటుంబాలు షెడ్యూల్డు ప్రాంతపు గీత దాటి స్థిరపడవలసి వచ్చింది. అక్కడ వాళ్ళ భూమికి వన్ ఆఫ్ సెవంటీ కాపలా ఉండదు. ఇల్లు ఇచ్చారు. అది నిజమే. కానీ ఊరంటే ఇళ్ళు కాదు. ఎవరి పొయ్యి నుంచి ఎవరు నిప్పు తెచ్చుకుంటారో, ఎవరి పశువులు ఎవరి చేనులో పడితే ఏ పెద్ద తీర్పు చెబుతాడో, చావుకు ఎవరు డోలు మోస్తారో, ఆ అల్లిక అంతా ఊరు. దాన్ని అంచనా వేసే ఫారం ఏ కార్యాలయంలోనూ లేదు.

తిరిగి చూస్తే, 1879లో గానీ, 1917లో గానీ, 1970లో గానీ, 2007లో గానీ, ఈ కథను మళ్ళించడానికి మహావీరులు అవసరం లేదు. ప్రతి మలుపులోనూ కావలసింది ఒక్కటే. అక్కడున్నవాళ్ళను ముందు అడగడం, వాళ్ళు చెప్పింది విన్నాక కలం పట్టడం. అంత చిన్న పని ఇన్నిసార్లు జరగకపోవడమే ఈ విషాదం.

ఒక్క మలుపు ఇంకా మిగిలి ఉంది. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నీరు నిలుపుతారు. తొలి లెక్కలో అక్కడ 20,946 కుటుంబాలున్నాయన్నారు. ఆపైన 45.72 మీటర్ల గీత దాకా మరో 85,060 కుటుంబాలున్నాయన్నారు. కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదించిన 12,157 కోట్ల రూపాయలు మొదటి దశకే. పైగీత జనానికి నీళ్ళెప్పుడో, పరిహారమెప్పుడో తెలియదు. పెళ్ళికి గోడ కట్టాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేని బతుకు అది. కానీ వాళ్ళ ఊళ్ళు ఇంకా ఊళ్ళుగా ఉన్నాయి. భూమికి భూమి ఇవ్వవచ్చు. షెడ్యూల్డు ప్రాంతంలోనే, అడవి అందేంత దూరంలో ఇవ్వవచ్చు. ఊరిని చెదరగొట్టకుండా ఊరిగానే తరలించవచ్చు. వీటన్నిటికంటే ముందు గ్రామసభలో కూర్చుని అడగవచ్చు. నూటయాభై ఏళ్ళ చరిత్ర మాత్రం ఇది జరగదనే చెబుతోంది. ఈ ఒక్కసారి అది అబద్ధమవ్వాలని నా కోరిక. అబద్ధమైతే, ఈ విషాదగాథ చివరి పేజీ తప్పని ఒప్పుకోవడానికి నాకంటే సంతోషించేవారు ఉండరు.